ఆర్డర్ ఫారంలో చెక్క పక్కన ‘సౌండ్’ కాలమ్ ఇక ఉండదు

మా దగ్గర గిటార్ చేయించుకున్నవాళ్లకీ, చేయించుకోబోతున్నవాళ్లకీ ఒక మాట. కొత్త ఆర్డర్ ఫారం చూసిన చాలామంది ఒకటే అడుగుతున్నారు. బాడీ చెక్క ఎంచుకునే చోట ఇదివరకు ‘ఆల్డర్ అయితే బ్యాలెన్స్‌డ్, యాష్ అయితే బ్రైట్, మహోగని అయితే వార్మ్’ అని ఉండేది కదా, అదేమైందని. తీసేశాం. ఇకమీదట చెక్క పేరు పక్కన దాని బరువు, రంగు, గీతల తీరు మాత్రమే ఉంటాయి.

ఎందుకంటే ఎలక్ట్రిక్ గిటార్‌లో పికప్ (స్ట్రింగ్స్ కింద ఉండి సిగ్నల్ పుట్టించే భాగం) చెక్కని వినదు. అది అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు, అంతే. పైనున్న ఉక్కు స్ట్రింగ్ కదిలితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, ఆ చుట్టలో సిగ్నల్ పుడుతుంది. అకూస్టిక్ గిటార్ సంగతి వేరు. అక్కడ గాలిని కదిపేది పై పలకే కాబట్టి స్ప్రూస్ చెక్కకీ సెడార్ చెక్కకీ తేడా ఉంటుంది.

అలాగని చెక్క ప్రభావం సున్నా అని నేను అనను. స్ట్రింగ్ రెండు చివరలూ గిటార్‌నే పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర కాస్త లొంగితే అక్కడ స్ట్రింగ్ శక్తి కారిపోతుంది. కొన్ని గిటార్లలో ఒక ఫ్రెట్ దగ్గర నోట్ టక్కున చచ్చిపోవడం మీరు వినే ఉంటారు, డెడ్ స్పాట్ అంటాం. అయితే అది ఎక్కువగా నెక్ (ఎడమ చేత్తో పట్టుకునే పొడవాటి మెడ) చేసే పని. నెక్ చివర ట్యూనింగ్ కీలుండే హెడ్‌స్టాక్‌కి ఒక చిన్న క్లాంప్ బిగించి చూడండి, ఆ డెడ్ స్పాట్ పక్కకి జరుగుతుంది. నెక్‌తో పోలిస్తే బాడీ మందం, గట్టిది. దాని వాటా చాలా చిన్నది.

మామూలు చెక్క బాడీ లేకుండా వచ్చిన గిటార్లు ఎన్ని లేవు! 1930ల మొదట్లో రికెన్‌బ్యాకర్ కంపెనీ తెచ్చిన ‘ఫ్రైయింగ్ ప్యాన్’ పోత అల్యూమినియం. డాన్‌ఎలెక్ట్రో కంపెనీ బాడీల పైనా కిందా హార్డ్‌బోర్డ్ (చెక్కపీచు నొక్కి చేసిన అట్ట). 1969లో ఆంపెగ్ కంపెనీ కోసం డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ డిజైన్ చేసినది అచ్చంగా పారదర్శకమైన ప్లాస్టిక్. ఇవన్నీ ఎలక్ట్రిక్ గిటార్‌లాగే మోగాయి. ఫెండర్ కంపెనీ 1950ల మధ్యలో తన స్ట్రాటోకాస్టర్ మోడల్‌ని చాలావరకు యాష్ నుంచి ఆల్డర్‌కి మార్చింది. ఎందుకంటే ఆల్డర్‌లో సన్నటి రంధ్రాలు తక్కువ, పెయింట్ తేలిగ్గా పడుతుంది. పైగా ఒకే జాతి చెక్కలోనే ఎంత తేడా అంటే, యాష్‌లో ఒక పలక ఈకలా లేస్తుంది, పక్కది బండలా ఉంటుంది. మరి ‘యాష్ సౌండ్’ అని దేన్ని అనాలి?

‘రెండు గిటార్లు పక్కపక్కన పెట్టి విన్నాను, తేడా స్పష్టంగా ఉంది’ అని రాసినవాళ్లున్నారు. ఉంటుంది, కాదనను. అది దేనివల్ల అన్నదే ప్రశ్న. వర్క్‌షాప్‌లో నేను రోజూ చూసేది చెబుతాను. వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండే, తిప్పితే నిరోధం మారే భాగం) మీద 250 కె, అంటే 250 కిలో ఓమ్‌లు అని ఉంటుంది. మల్టీమీటర్ పెడితే ఒకటి 215 చూపిస్తుంది, ఇంకొకటి 280. మామూలు పాట్‌కి 20 శాతం అటూ ఇటూ ఉండటం కంపెనీలే ఒప్పుకునే లెక్క. విలువ తగ్గేకొద్దీ పైస్థాయి మెరుపు తగ్గుతుంది. ఇక పికప్ ఎత్తు. పక్కనున్న స్క్రూ ఒకటి రెండు చుట్లు తిప్పండి, లావు స్ట్రింగ్ మోత ముందుకొస్తుంది. మరీ దగ్గరకు తెస్తే అయస్కాంతం స్ట్రింగ్‌ని లాగి నోట్ వణుకుతుంది. కేబుల్ పొడవైతే కెపాసిటెన్స్ (విద్యుత్తును నిల్వ చేసుకునే గుణం) పెరిగి సౌండ్ మసకబారుతుంది. స్ట్రింగ్స్ పాతబడితే చెప్పనే అక్కర్లేదు. ఇవన్నీ ఒకేలా లేనప్పుడు వినిపించిన తేడాని చెక్క ఖాతాలో వేయడం న్యాయం కాదు.

వ్యాపారం సంగతి కూడా దాచను. ఖరీదైన చెక్క మీదే మాకు నాలుగు రూపాయలు ఎక్కువ మిగిలేవి. సౌండ్ పేరు చెప్పకపోతే ఆ ఆర్డర్లు కొన్ని తగ్గుతాయి, తెలుసు. దానికి బదులు ప్రతి గిటార్‌లోనూ పాట్లు కొలిచి, దగ్గరి విలువలున్నవి జత చేసి, ఆ అంకెలు, పికప్ ఎత్తు, స్ట్రింగ్ గేజ్ (మందం) ఒక కార్డు మీద రాసి కేసులో పెడుతున్నాం. దీనివల్ల డెలివరీ కాస్త ఆలస్యమవుతోంది, ఓపిక పట్టండి. మీ బడ్జెట్‌లో సౌండ్ కోసం కొంత పక్కన పెట్టి ఉంటే పికప్‌ల మీద పెట్టండి. ఇంకా మిగిలితే యాంప్ స్పీకర్ మీద.

ఇంకొకటి. యాంప్ లేకుండా వాయిస్తే చెక్క తేడా తెలుస్తుంది, బాడీ పొట్టకి ఆనినప్పుడు ఆ అదురు ఒంటికి తగులుతుంది. అది భ్రమ కాదు. దాన్నిబట్టి మీ చేయి వేరేగా వాయించొచ్చు కూడా. అందుకోసం మహోగని కావాలంటే సంతోషంగా చేసిస్తాను. కాకపోతే రికార్డింగ్‌లో అది వినిపిస్తుందని మాత్రం నా నోటితో చెప్పించకండి.

యాష్ ఇక కొత్తగా తెప్పించడం లేదు. అమెరికాలో వరదలు, చెట్లని తినేసే ఎమరాల్డ్ యాష్ బోరర్ పురుగు వల్ల మంచి పలకలు దొరకడం కష్టమైంది. 2020లో ఫెండర్ కూడా చాలా మోడళ్లలో యాష్ ఆపేసింది. ఇప్పటికే యాష్‌కి అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకి పలకలు తీసిపెట్టాం, టెన్షన్ పడొద్దు. కోసేముందు గీతల ఫొటో, పలక బరువు పంపుతాం. మీరు సరే అన్నాకే రంపం పెడతాం. ఆల్డర్‌కి మారాలనుకుంటే ఆ లోపే చెప్పండి, తేడా డబ్బు వెనక్కి ఇస్తాం.