సభ్యుల గ్లాసుల్లో ఈ ఏడాది: 2025 వార్షిక కార్యకలాపాల నివేదిక

గౌరవ సభ్యులకు, వారి కుటుంబాలకు నమస్కారాలు.

గ్లాస్గో, ఎడిన్‌బరో పరిసరాల్లో స్థిరపడి, విస్కీ మీది ఇష్టంతో నెలకోసారి కలుసుకుంటున్న తెలుగువారి ఈ చిన్న సంఘం 2025లో ఏం చేసిందో, ఏం నేర్చుకుందో ఈ నివేదికలో మీ ముందుంచుతున్నాను. నిరుటి సర్వసభ్య సమావేశంలో మనం తీసుకున్న ఒక నిర్ణయం ఏడాది పొడవునా మన సాయంత్రాల తీరునే మార్చివేసింది కనుక ముందుగా దాని గురించి చెప్పాలి. అంతకుముందు మనం చందాలు పోగుచేసి ఏదో ఒక ఖరీదైన సీసా కొని, తలా కాస్త పోసుకుని, దాని ధరను, వయసును పొగిడి ఇళ్లకు వెళ్లేవాళ్లం. ఈ ఏడాది నుంచి ప్రత్యేకంగా ఏమీ కొనకూడదని, ఎవరింట్లో ఏ సీసా మూత తీసి ఉందో, ఆ నెలలో నిజంగా దేన్ని ఇష్టంగా తాగుతున్నారో దాన్నే తీసుకురావాలని, సీసాకు కాగితం చుట్టి పోసి, రుచి గురించి ముందుగా తెలుగులో మాట్లాడిన తర్వాతే పేరు చెప్పాలని తీర్మానించుకున్నాం.

మొదటి సాయంత్రం జనవరి 25న జరిగింది. సంక్రాంతి వెళ్లిన పదకొండో రోజు, స్కాట్లాండ్ ప్రజలు తమ జాతీయ కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజును హగ్గిస్ అనే మాంసపు వంటకంతో, విస్కీతో జరుపుకునే రాత్రి. రెండు పండుగలకూ మధ్య కలిసే గుణం పొగే కనుక ఆ రోజు పీట్ (బురదనేలల్లో తవ్వి ఎండబెట్టి మండించే మట్టి) పొగ పట్టిన విస్కీలు తెమ్మన్నాం. కాగితం చుట్టిన మొదటి సీసా గ్లాసుల్లోకి వచ్చీ రాగానే కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఒక సభ్యురాలు “ఇది పొగచూరిన పాల వాసన” అన్నారు. పిడకల దాలిలో రోజంతా కాగి, మీగడ ఎర్రబారిన పాలకు పట్టే ఆ వాసన తెలియనివారు గదిలో ఎవరూ లేరు. ఆ సీసా పదహారేళ్ల లాగవూలిన్. రెండోదాన్ని నోట పెట్టుకున్న వెంటనే మన డాక్టరు సభ్యుడు గాయాలు కడిగే గది గుర్తొచ్చిందన్నారు. అది పదేళ్ల లాఫ్రోయిగ్. ఆయన ముక్కు పొరబడలేదు. మొలకెత్తిన బార్లీని ఆరబెట్టేటప్పుడు పీట్ పొగలోని ఫినాల్ జాతి రసాయనాలు గింజకు అంటుకుంటాయి. వాటిలో గ్వయకాల్ కట్టెపొగ వాసననిస్తే, క్రెసాల్స్ క్రిమిసంహారక మందుల వాసననిస్తాయి. రెండూ స్కాట్లాండ్ పడమటి తీరాన ఉన్న ఐలా దీవి దక్షిణ భాగంలో, ఒకదానికొకటి నడిచి వెళ్లగలిగే దూరంలో తయారయ్యేవే అయినా, ఒకటి దాలి దగ్గరికి, ఇంకొకటి దవాఖానాకు మనల్ని తీసుకువెళ్లాయి.

మన రుచులకు మన మాటలు వెతుక్కోవడమే ఈ ఏడాది సంఘం చేసిన అసలు పని అని నేను భావిస్తున్నాను. సీసాల వెనక అచ్చువేసిన వర్ణనల్లో ఉండే హెదర్ పూలు, టాఫీ, క్రిస్మస్ కేకు మనలో చాలామందికి ఇక్కడికి వచ్చిన తర్వాతే పరిచయమైనవి. చిన్ననాటి నుంచి ముక్కుకు తెలిసిన వాసనలు వేరు. షెర్రీ అనే స్పెయిన్ ద్రాక్షసారా పీపాల్లో పండిన గ్లెన్‌డ్రోనక్ పన్నెండేళ్లది ఖర్జూరం, తాటిబెల్లం అనిపించుకుంది. స్కై దీవిలోని టాలిస్కర్ పదేళ్లది గొంతు దిగాక వచ్చే ఘాటును అందరూ ఒక్కమాటగా మిరియాల చారు అన్నారు. స్టిర్లింగ్ దగ్గర, ఒకప్పటి నూలుమిల్లు భవనంలో నడుస్తున్న డీన్‌స్టన్ పన్నెండేళ్లదానికి మైనంతో సహా నమిలిన తేనెపట్టు అనే పేరు స్థిరపడింది.

అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడిన మాట వగరు. పీపాలో ఎక్కువ కాలం ఉన్న విస్కీ నాలుకను, బుగ్గలను బిగపట్టినప్పుడు ఇన్నాళ్లూ ‘డ్రై’ అని సరిపెట్టుకునేవాళ్లం. ఆ బిగింపుకు కారణం ఓక్ చెక్కలోని టానిన్లు. వక్కలో, నేరేడుపండులో, పచ్చి అరటికాయలో నోరు పట్టేసేవి కూడా టానిన్లే. ఆ అనుభూతిని షడ్రుచుల్లో ఒకటిగా లెక్కించి, ఉగాది పచ్చడిలో మామిడి పిందెగా వేసుకునే మనకు దాన్ని గుర్తుపట్టడం కొత్త విద్య కాదు. వగరు ఎంతుంటే ఇంపుగా ఉంటుంది, ఎంత దాటితే విస్కీని మింగేస్తుంది అన్న చర్చ మార్చి సాయంత్రమంతా సాగింది. వయసు పెరిగే కొద్దీ విస్కీ మెరుగవుతుందనే నమ్మకాన్ని ఆ చర్చ తర్వాత మనలో చాలామంది వదులుకున్నారు.

ఏప్రిల్‌లో జరిగిన విషయం కొంత వివరంగా చెప్పదగినది. కాగితం చుట్టి పోసిన నాలుగు విస్కీల్లో సభ్యుల మెప్పు రెండో స్థానంలో దక్కించుకున్నది జానీ వాకర్ బ్లాక్ లేబుల్. తెచ్చిన సభ్యుడు పేరు చెప్పడానికి కాసేపు మొహమాటపడ్డారు. ఇంట్లో శనివారం సాయంత్రాల్లో తాను తాగేది అదేనని, ఊరి నుంచి నాన్నగారు వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి తాగేదీ అదేనని ఆయన చెప్పారు. సింగిల్ మాల్ట్, అంటే ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతోనే చేసిన విస్కీ కానిది తక్కువదనే అభిప్రాయం మన సంఘంలో ఉండేదన్న మాటను దాచడం మంచిది కాదు. అది తప్పని ఆ సాయంత్రం తేలింది. కనీసం పన్నెండేళ్లు పీపాల్లో ఉన్న మాల్ట్ విస్కీలను, ఇతర ధాన్యాలతో చేసే గ్రెయిన్ విస్కీలను పాళ్లు చూసి కలపడం ఒక మాల్ట్‌ను ఒంటరిగా సీసాకెత్తడం కంటే తేలికైన పని కాదు. జానీ వాకర్ కథ గ్లాస్గోకు దక్షిణాన ఉన్న కిల్‌మార్నాక్‌లో 1820లో పెట్టిన ఒక కిరాణా కొట్టులో మొదలై ఇంతటి పేరుగా ఎదిగింది. ఇకపై ఏ సభ్యుడూ తాను తాగేదాని పేరు చెప్పడానికి సంకోచించే పరిస్థితి మన మధ్య రాకూడదని కార్యవర్గం గట్టిగా కోరుకుంటోంది.

మే నెలలో గ్లాస్గోకు ఉత్తరాన ఉన్న గ్లెన్‌గోయిన్ డిస్టిలరీకి వెళ్లివచ్చాం. 1833 నాటి ఈ డిస్టిలరీలో పీట్ వాడరు. హైలాండ్స్, లోలాండ్స్ సరిహద్దు గీత డిస్టిలరీ ముందరి రోడ్డు వెంబడే వెళుతుంది కనుక హైలాండ్స్‌లో కాచిన విస్కీ రోడ్డు దాటి లోలాండ్స్ గోదాముల్లో పండుతుంది. స్టిల్ అనే రాగి బట్టీ నుంచి అప్పుడే దిగిన, రంగులేని సరుకును వాసన చూపించినప్పుడు ఆదిలాబాద్ నుంచి వచ్చిన సభ్యుడికి చిన్నప్పుడు ఊళ్లో చూసిన ఇప్పసారా గుర్తొచ్చింది. కాచే పని రెండుచోట్లా ఒకటే. ఇక్కడి చట్టం ప్రకారం 700 లీటర్లకు మించని ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్లు స్కాట్లాండ్‌లోనే ఉంచితే తప్ప దాన్ని స్కాచ్ అనకూడదు. ఆ తర్వాత నీళ్లు, రంగు కోసం మామూలు కారమెల్ తప్ప మరేమీ కలపకూడదు.

ఆగస్టు 23 సాయంత్రానికి ఈ ఏడాది అత్యధిక సభ్యులు హాజరయ్యారు. బెంగళూరులో తయారైన అమృత్ సింగిల్ మాల్ట్ 2004 ఆగస్టు 24న ప్రపంచంలో మొట్టమొదట అమ్మకానికి వచ్చింది మనముంటున్న ఈ గ్లాస్గోలోనే కనుక ఆ రోజుకు 21 ఏళ్లు నిండే ముందు సాయంత్రం భారతీయ మాల్ట్‌లకు కేటాయించాం. స్కాచ్ పుట్టిన నేలకు తమ సరుకును తెచ్చి, భారతీయ రెస్టారెంట్ల ద్వారా రుచి చూపించిన అమృత్ సంస్థ అధిపతి నీలకంఠరావు జగ్దలే ధైర్యాన్ని సభ్యులు నిలబడి స్మరించుకున్నారు. ఆయన 2019లో కన్నుమూశారు. మనలో చాలామంది స్వదేశంలో విస్కీ పేరుతో సోడా కలుపుకుని తాగినదానిలో అధిక భాగం చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్. ధాన్యం నుంచి కాచనిదాన్ని ఐరోపాలో విస్కీ అని అమ్మడానికి వీల్లేదు. అటువంటి పరిస్థితిలో బార్లీ మాల్ట్‌తోనే చేసిన భారతీయ విస్కీని ఇక్కడ నిలబెట్టడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

ఆ సాయంత్రం అమృత్ ఫ్యూజన్ అందరి మనసూ గెలుచుకుంది. భారతీయ బార్లీకి పీట్ పొగ పట్టిన స్కాట్లాండ్ బార్లీని జోడించి, 50 శాతం ఆల్కహాల్ బలంతో సీసాకెత్తే ఈ విస్కీ నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తులా ఉందని ఒకరు, పక్కింట్లో పనసపండు కోసినట్టుందని మరొకరు అన్నారు. గోవా నుంచి వచ్చే పాల్ జాన్, హర్యానాలో తయారయ్యే ఇంద్రి ట్రిని కూడా రుచి చూశాం. ఇంద్రిలోని ఎండుద్రాక్ష తీపి బాగున్నా రెండో గుటకకు వగరు కొంచెం ఎక్కువైందని నా అభిప్రాయం. స్కాట్లాండ్ చలిలో పీపా నుంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైతే, బెంగళూరు వేడికి 10 శాతానికి పైగా ఆవిరవుతుంది. అందుకే అక్కడ నాలుగైదేళ్లకే విస్కీ పండిపోతుంది, పీపాలో మిగిలేదీ తక్కువే. ఆ ఆవిరిని ఇక్కడివారు దేవదూతల వాటా అంటారు. మన సభ్యులు దాన్ని నైవేద్యం అనడం మొదలుపెట్టారు, ఆ మాటే ఇప్పుడు మన మధ్య వాడుకలో ఉంది.

సెప్టెంబరులో ఐలా ప్రయాణం గాలి కారణంగా ఒక రోజు ఆలస్యమైంది. కెన్నక్రైగ్ రేవులో ఓడ కోసం ఎదురుచూసిన ఆ రోజున వెంట తెచ్చుకున్న సకినాలు, పులిహోర మనల్ని ఆదుకున్నాయి. దీవిలో పీట్ తవ్వే నేలను చూశాం. నీట మునిగి కుళ్లీ కుళ్లని నాచు, గడ్డి వేల ఏళ్లపాటు పేరుకుని, కోసి ఎండబెడితే పిడకల్లా మండే ఆ మట్టిని చేతిలోకి తీసుకున్నప్పుడు జనవరి నాటి పొగచూరిన పాల మాట అందరికీ మళ్లీ గుర్తుకొచ్చింది. 1983లో మూతపడి 2024లో మళ్లీ తెరుచుకున్న పోర్ట్ ఎలెన్ డిస్టిలరీని బయటి నుంచి చూసి తృప్తిపడ్డాం.

తిరుగు ప్రయాణంలో క్యాంప్‌బెల్‌టౌన్‌లో ఆగాం. ఒకప్పుడు ముప్ఫైకి పైగా డిస్టిలరీలున్న ఆ చిన్న రేవుపట్టణంలో పాతవాటిలో స్ప్రింగ్‌బ్యాంక్, గ్లెన్ స్కోషియా మాత్రమే నిలిచాయి. గ్లెన్‌గైల్ 2004లో తిరిగి ప్రాణం పోసుకుంది. తనకు కావలసిన బార్లీనంతా ఇప్పటికీ నేల మీద పరచి, పారలతో తిరగేసి మొలకెత్తించుకునే స్ప్రింగ్‌బ్యాంక్ అంటే మన సభ్యులకు ప్రత్యేకమైన అభిమానం. దుకాణాల్లో దాని పదేళ్ల సీసా దొరకడమే కష్టమైంది, వేలంలో పలికే ధరకూ తయారీదారు పెట్టే ధరకూ పొంతన లేదు. తాగడానికి కాక దాచి అమ్ముకోవడానికి కొనేవారి వల్ల ఇష్టపడి తాగేవారికి అందకుండా పోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం. సంఘం పేరుతో పెట్టుబడిగా ఒక సీసా కొందామన్న ప్రతిపాదనను అక్టోబరు సమావేశం చర్చించి తిరస్కరించింది.

పద్ధతుల విషయంలో కొన్ని మాటలు. గ్లాస్గో పక్కనే ఈస్ట్ కిల్‌బ్రైడ్‌లో రూపుదిద్దుకున్న గ్లెన్‌కేర్న్ గ్లాసులనే వాడుతున్నాం, మొగ్గలా పైకి సన్నబడే అంచు వాసనను పట్టి ఉంచుతుంది. మొదటి గుటక తర్వాత కొన్ని చుక్కల నీళ్లు కలపడాన్ని ప్రోత్సహిస్తున్నాం. నీళ్లు కలిపినప్పుడు గ్వయకాల్ వంటి వాసన పదార్థాలు గ్లాసులోని విస్కీ పైపొరకు చేరతాయని 2017లో స్వీడన్ శాస్త్రవేత్తలు కంప్యూటర్ నమూనాలతో చూపించారు. రుచి చూడడం పూర్తయ్యేదాకా ఆవకాయ బల్ల మీదకు రాకూడదన్న నియమం కొనసాగుతుంది. సగానికి దిగిన సీసాను నిలువుగానే ఉంచాలని, అడుగుకు చేరినదాన్ని చిన్న సీసాలోకి మార్చుకోవాలని మరోసారి గుర్తుచేస్తున్నాను.

మితం విషయంలో కార్యవర్గం రాజీపడలేదు. ఒక సాయంత్రానికి ఒక్కొక్కరికి 15 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు విస్కీలే పోస్తున్నాం. 46 శాతం బలమున్నవైతే అవి కలిపి దాదాపు 2.8 యూనిట్లు (ఒక యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్) అవుతాయి. వారానికి 14 యూనిట్లు మించవద్దన్నది ఇక్కడి వైద్యాధికారుల సలహా. 2014 డిసెంబరు నుంచి స్కాట్లాండ్‌లో వాహనం నడిపేవారి రక్తంలో మద్యం పరిమితి 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాములు మాత్రమే కనుక కారు నడిపే సభ్యుల వాటాను చిన్న సీసాలో పోసి ఇంటికి పంపుతున్నాం. ఆరోగ్య కారణాల వల్ల ఈ ఏడాది తాగడం పూర్తిగా మానేసిన ఒక సభ్యుడు ఇప్పటికీ ప్రతి నెలా వచ్చి వాసన మాత్రమే చూసి మాటలు చెబుతున్నారు. డీన్‌స్టన్‌కు తేనెపట్టు అని పేరుపెట్టింది ఆయనే.

ఈ ఏడాది వచ్చిన ఒక ఫిర్యాదు కూడా నమోదు చేయాలి. పండుగ కోసం ఒక దుకాణం నుంచి తెప్పించిన గ్లాసుల పెట్టెలో సగం పగిలి వచ్చాయి. చాలా ఉత్తరాల తర్వాత డబ్బు తిరిగి వచ్చింది. ఆదాయ వ్యయాల పట్టికను కోశాధికారి విడిగా సమర్పిస్తారు.

వచ్చే ఏడాదికి మూడు ప్రతిపాదనలున్నాయి. మొదటిది, ఇంతవరకు నోట్‌బుక్కులో రాసుకున్న రుచి మాటలను పేరుపేరునా అక్షరక్రమంలో పెట్టి ప్రతి సభ్యుడికీ ఒక ప్రతి ఇవ్వడం. రెండోది, సెలవులకు హైదరాబాద్, విజయవాడ, విశాఖ వెళ్లే సభ్యులు అక్కడి మిత్రులు ఏం తాగుతున్నారో తెలుసుకుని వచ్చి చెప్పడం. 2025 జులై 24న భారత్, బ్రిటన్ సంతకం చేసిన వాణిజ్య ఒప్పందం ప్రకారం స్కాచ్‌పై 150 శాతం ఉన్న దిగుమతి సుంకం ముందు 75కు, పదేళ్లలో 40కి తగ్గాల్సి ఉంది కనుక ఆ మాటల్లో రాబోయే మార్పును మనం మొదటి నుంచీ గమనించవచ్చు. మూడోది, జనవరి సాయంత్రానికి మళ్లీ పొగ విస్కీలే తేవడం. లాగవూలిన్ సీసాలో ఇంకా నాలుగు వేళ్ల ఎత్తు మిగిలి ఉందని, ఏడాది పాటు గాలి తగిలాక దాని పొగ ఎంత మెత్తబడిందో అందరం కలిసే చూడాలని దాన్ని ముట్టకుండా ఉంచానని నిరుడు జనవరిలో ఆ సీసా తెచ్చినవారు నాకు తెలియజేశారు.

ఈ నివేదికను సర్వసభ్య సమావేశం ఆమోదం కోసం సమర్పిస్తున్నాను.

కార్యదర్శి