పేల్చేముందు వెతికిన కళ్ళజోడు

చిరంజీవి అమ్మడుకి నాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం నిన్న అందింది. పరీక్షల సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి, మిగిలిన మూడు పేజీలూ కమెండోల నవలల గురించే రాశావు. నేను కోప్పడటం లేదు. నీ వయసులో నేనూ అద్దె పుస్తకాల షాపు నుంచి ఇలాంటివే తెచ్చుకుని, లెక్కల పుస్తకం చాటున పెట్టుకుని చదివినవాణ్ణే. “నిజంగా ఇలా జరుగుతుందా నాన్నా” అని అడిగావు కనుక, జరిగినదొకటి చెబుతాను.

నార్వేలో ర్యుకాన్ ఊరి దగ్గర, లోయ అంచున, వెమోర్క్ అనే కర్మాగారం ఉండేది. అక్కడ భారజలం, అంటే అణు రియాక్టర్లలో వాడే బరువైన నీరు, తయారయ్యేది. ఇక్కడ మణుగూరు దగ్గర తయారయ్యేదీ అదే. నార్వేను ఆక్రమించిన జర్మన్లు దానితో అణుబాంబు చేస్తారేమోనన్నది బ్రిటన్ భయం. దాన్ని ధ్వంసం చేయడానికి 1942 నవంబరులో, ఇంజను లేకుండా మరో విమానం లాగుకెళ్ళే రెండు గ్లైడర్లలో సైనికులను పంపితే అవి రెండూ కూలిపోయాయి. కూలినప్పుడు చనిపోయినవారు పోగా, ప్రాణాలతో చిక్కినవారిని జర్మన్లు చంపేశారు. గ్లైడర్‌ను లాగుతూ కూలిన ఒక విమానం సిబ్బందితో కలిపి మొత్తం 41 మంది పోయారు. వారికి దారి చూపడానికి ముందే దిగిన నలుగురు నార్వే యువకులు ఆ చలికాలమంతా మంచు పీఠభూమి మీద దాక్కుని, క్రిస్మస్ ముందు ఒక రెయిన్‌డీరు దొరికేదాకా నాచు తిని బతికారు. నీ నవలల్లో ఇంత నిరీక్షణకు అర పేజీ కూడా దక్కదు, ఎందుకంటే ఆకలిని ఉత్కంఠగా రాయడం కష్టం.

1943 ఫిబ్రవరిలో మరో ఆరుగురు పారాచూట్లతో దిగారు. నాయకుడు యోఆకిమ్ రోన్నెబెర్గ్‌కు 23 ఏళ్ళు. వంతెన మీద కాపలా ఉంది కనుక లోయలోకి దిగి, గడ్డకట్టిన నది దాటి, అవతలి గట్టు ఎక్కి, 27వ తేదీ అర్ధరాత్రి దాటాక లోపలికి చేరారు. పేలుడు పదార్థానికి పెట్టిన రెండు నిమిషాల ఫ్యూజులను, అంటే వత్తులను, అతడు ముప్పై సెకన్లకు కత్తిరించాడు. అంటించబోతుండగా, అక్కడ పనిచేసే నార్వే కాపలాదారు తన కళ్ళజోడు కనబడటం లేదని, యుద్ధకాలంలో మరొకటి దొరకదని మొర పెట్టుకున్నాడు. రోన్నెబెర్గ్ ఆగి, వెతికి ఇచ్చాడు. ఆ తరువాతే నిప్పంటించి, అతణ్ణి పైకి పరుగెత్తమన్నాడు. సుమారు 500 కిలోల భారజలం నేల పాలైంది. ఒక్క తూటా పేలలేదు. ఇది ఊరివాళ్ళ పని కాదని తెలియాలని ఒక బ్రిటిష్ తుపాకీని అక్కడే వదిలారు, లేకపోతే జర్మన్లు ఆ కసి ర్యుకాన్ ప్రజల మీద తీర్చుకునేవారు. తరువాత ఐదుగురు దాదాపు 400 కిలోమీటర్లు స్కీల మీద నడిచి స్వీడన్ చేరారు.

నవల అయితే ఇక్కడే ముగుస్తుంది. కర్మాగారం మళ్ళీ నడిచింది. ఏడాది తరువాత జర్మన్లు మిగిలిన భారజలాన్ని తరలించబోతే, వెమోర్క్‌కు వెళ్ళినవారిలో ఒకడైన క్నూట్ హౌకెలీడ్, టిన్ సరస్సులో దాన్ని మోసుకెళ్ళే పడవ అడుగున పేలుడు పదార్థం పెట్టాడు. ప్రయాణికులు తక్కువగా ఉంటారని ఆదివారం నాటి ప్రయాణాన్నే ఎంచుకున్నారు. అయినా 1944 ఫిబ్రవరి 20న 18 మంది మునిగిపోయారు. వారిలో 14 మంది నార్వే వాళ్ళే. కళ్ళజోడు కోసం ఆగిన ఆ దళంలోని వాడే ఆ పడవనూ ముంచాడు. అది తప్పని నేను అనలేను, ఒప్పని కూడా నోరు రావడం లేదు.

నువ్వు అంతగా మెచ్చుకున్న ఆ నవలలో వంతెన పేలినప్పుడు దాని మీద ఎవరెవరు ఉన్నారో రచయిత చెప్పాడా? దసరాకు వచ్చేటప్పుడు పుస్తకం తీసుకురా, నేనూ చదువుతాను. అమ్మ సున్నుండలు చేయించి ఉంచుతానంది.

ఇట్లు,
నాన్న