మా ఊళ్ళో మతిమరుపు గురించి ఎవరూ అడగట్లేదు

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో ఆరోగ్యం పేజీ వచ్చిన రోజు నేను ముందు అదే తీసి చదువుతాను. షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులు అన్నీ వస్తాయి కానీ ముసలివాళ్ళ మతిమరుపు గురించి మాత్రం సెప్టెంబర్ 21న అల్జీమర్స్ డే అని ఓ చిన్న ముక్క వేసి మళ్ళీ ఏడాదిదాకా ఊరుకుంటున్నారు, అందుకే ఈ ఉత్తరం.

మా అమ్మకి 76 ఏళ్ళు. బడి మొహం చూడలేదు, వేలిముద్రే. కానీ పాలు పోసినన్నాళ్ళూ ఏ ఇంటికి ఎన్ని లీటర్లు, ఎవరు ఎంత బాకీ, నెలాఖరుకి అన్నీ నోటితోనే చెప్పేసేది, ఒక్క రూపాయి తేడా వచ్చేది కాదు. అలాంటి మనిషి నాలుగేళ్ళ కిందట పప్పులో ఉప్పు రెండుసార్లు వెయ్యడం మొదలుపెట్టింది. తర్వాత ఒకటో తారీఖున పింఛను డబ్బులు తీసుకుని బియ్యం డబ్బాలో దాచేసి, సాయంత్రానికి ఆ సంగతే మర్చిపోయి పనమ్మాయి తీసిందని గొడవ. ఆ పిల్ల ఏడ్చుకుంటూ వెళ్ళిపోయింది, మేం కూడా ముందు అమ్మ మాటే నమ్మాం, అది తల్చుకుంటే ఇప్పటికీ నాకు మనసు పట్టదు. అన్నయ్యేమో చాదస్తం అన్నాడు, పక్కింటి పిన్ని గాలి సోకిందేమో తాయెత్తు కట్టించమంది, డాక్టరుకి చూపిస్తే ఆయన వయసైపోయింది కదమ్మా అని బలం మాత్రలు రాసి పంపించాడు. అలా రెండేళ్ళు పోయాయి. చివరికి విజయవాడలో నరాల డాక్టరుకి చూపిస్తే స్కానింగులో తేలిందేంటంటే మాకెవరికీ తెలియకుండానే మెదడులో చిన్న చిన్న స్ట్రోకులు చాలా వచ్చాయంట, ఈ మతిమరుపు వాటివల్లేనంట. బీపీ మాత్రలు తలనొప్పి తగ్గగానే మానేసేది, మళ్ళీ కళ్ళు తిరిగితే వేసుకునేది. మేం పట్టించుకోలేదు.

అప్పట్నుంచి నేను దొరికిందల్లా చదువుతున్నా. మన దేశంలో 60 దాటినవాళ్ళలో నూటికి 7.4 మందికి డిమెన్షియా, అంటే మతిమరుపు ముదిరి రోజువారీ పనులు కూడా చేసుకోలేని జబ్బు, ఉందని 2023లో వచ్చిన సర్వే లెక్క, అంటే దాదాపు 88 లక్షల మంది, 2036కల్లా అది దాదాపు 1.7 కోట్లు అవుతుందని అంచనా. పదమూడు పధ్నాలుగు మంది పెద్దవాళ్ళలో ఒకరన్నమాట. మా వీధిలో రామాలయం అరుగు మీద సాయంత్రం కూర్చునేవాళ్ళే అంతమంది ఉంటారు.

ఎవరికి ఎక్కువ అంటే, మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకి, టౌన్లలోకన్నా పల్లెల్లో, చదువుకున్నవాళ్ళకన్నా చదువు లేనివాళ్ళకి. అది చదవగానే అచ్చం మా అమ్మ ఫొటో చూసినట్టే అనిపించింది. వయసు సరేసరి, 65 దాటాక ఇంచుమించు ప్రతి ఐదేళ్ళకీ రిస్కు రెట్టింపవుతుంది. దాన్నెవరూ ఆపలేరు. కానీ బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, పొగతాగడం, మందు ఎక్కువ తాగడం, తలకి దెబ్బలు, డిప్రెషన్, ఒంటరితనం, చెవుడు, చూపు తగ్గడం ఇలాంటివి 14 కారణాలు 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ వాళ్ళు లెక్కేశారు, వాటిని చిన్నప్పట్నుంచీ సరిచూసుకుంటే నూటికి 45 కేసులదాకా రాకుండానో ఆలస్యంగా వచ్చేలానో చెయ్యొచ్చంట. అందులో చెవుడు ఉందని తెలిసినప్పుడు నేను గతుక్కుమన్నాను. అమ్మకి పదేళ్ళుగా సరిగ్గా వినపడదు, పెద్దగా అరిచి మాట్లాడలేక మేమే మాట్లాడ్డం తగ్గించేశాం, ఆవిడా అరుగు మీదికి పోవడం మానేసి మంచం పట్టుకుంది. చెవి మిషను అప్పుడే కొనిపెట్టి ఉండాల్సింది.

ఇంకో సంగతి మన దగ్గరిదే. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డిమెన్షియా ఉన్న 648 మంది పేషెంట్లని చూసి 2013లో డాక్టర్ సువర్ణ అల్లాడి గారి టీమ్ రాసింది, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి ఈ జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని, చదువు రానివాళ్ళలో కూడా ఆ తేడా కనపడిందని. చదువు లేకపోతే ఇక అంతే అనుకోనక్కర్లేదని నాకు దాంతో కొంచెం ధైర్యం వచ్చింది.

ఇంకా ముఖ్యమైంది, మతిమరుపు అంతా డిమెన్షియా కాదు. బీ12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, డిప్రెషన్ ఉన్నా, ఎప్పుడో జారిపడ్డప్పుడు తలలో రక్తం గడ్డకట్టినా అచ్చం అలాగే ఉంటుంది, వీటికి వైద్యం ఉంది, టైముకి పట్టుకుంటే చాలామటుకు తగ్గుతాయి. వయసు అని వదిలేసినవాళ్ళలో ఇలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో అనిపిస్తుంది నాకు.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఆశా వర్కర్లు ఇంటింటికీ వచ్చి నింపే ఫారంలో 60 దాటినవాళ్ళకి, దగ్గరివాళ్ళ పేర్లు గానీ ఇంటి అడ్రసు గానీ మర్చిపోతున్నారా అని ఒక ప్రశ్న ఇప్పటికే ఉంది. మా ఇంట్లో దాన్ని ఎవరూ అడిగిన గుర్తు లేదు, బీపీ చూసి, షుగరు చూసి వెళ్ళిపోయారు, వాళ్ళ మీదున్న పని అంతుంది మరి, ఆ అమ్మాయిల్ని నేను తప్పు పట్టను. అడిగినా మనం పరువు పోతుందని లేదనే చెప్తాం. పైగా పిల్లల పేర్లు మర్చిపోయేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం. డబ్బు లెక్కలు తప్పుతున్నాయా, చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్తున్నారా, తెలిసిన దారిలో తప్పిపోయారా అని ఇంట్లోవాళ్ళని పక్కకి పిలిచి అడగాలి, అవునంటే పీహెచ్‌సీ నుంచి జిల్లా ఆసుపత్రికి పంపాలి, అక్కడ నెలకొక రోజైనా మతిమరుపు క్లినిక్ పెట్టాలి. చెవి పరీక్ష కూడా అప్పుడే చేసెయ్యాలి.

మీరు చెయ్యగలిగిందీ ఒకటుంది. పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567 నంబర్ మీ జిల్లా పేజీలో రోజూ ఓ మూల వెయ్యండి. మాకు ఆ రెండేళ్ళలో అది తెలియలేదు. ఇప్పుడు అమ్మ నన్ను తన చెల్లెలనుకుంటుంది, చీకటి పడేసరికి మన ఊరు పోదాం పదవే అంటుంది, నేను సరే అక్కా పొద్దున్నే పోదాం అంటే పడుకుంటుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
గుడివాడ దగ్గర పల్లె నుంచి