రేట్లు పెరుగుతున్నాయి, కారణాలు ఇవీ

పీణ్యా, రాజాజీనగర్, బొమ్మసంద్ర, హోసూరు, హిందూపురం నుంచి మాకు ఇన్‌స్ట్రుమెంట్లు పంపే అందరికీ నమస్కారం.

విషయం ముందే చెప్పేస్తాను. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మా ల్యాబులో క్యాలిబ్రేషన్ రేట్లు, అంటే మీ కొలత పరికరాలు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించే రేట్లు, పెరుగుతున్నాయి. 0–25 ఎంఎం కొలిచే మైక్రోమీటర్‌కు ఇప్పటిదాకా 350 రూపాయలు తీసుకున్నాం, ఇకమీద 450. 150 ఎంఎం వెర్నియర్ 300 నుంచి 380కి వెళ్తుంది. పొద్దున తెచ్చి సాయంత్రం పట్టుకెళ్లే పద్ధతి కూడా ఇక ఉండదు, వస్తువు కనీసం ఒక రాత్రి మా దగ్గర ఉండాలి. టార్క్ రెంచ్‌లు, ప్రెషర్ గేజ్‌లు తీసుకోవడం మానేస్తున్నాం. దాని కారణం కింద చెబుతాను.

రేటు మాట ఎత్తగానే వచ్చే ప్రశ్న నాకు తెలుసు. "అక్కా, అదే ఎన్ఏబీఎల్ ముద్రతో పక్క రోడ్డులో 150కే ఇస్తున్నారు కదా, మీకెందుకు ఇంత?" న్యాయమైన ప్రశ్నే. చిన్న షాపు నడిపేవాళ్లకు ప్రతి వంద రూపాయలూ లెక్కే. కానీ దీనికి జవాబు చెప్పాలంటే ఆ ముద్ర ఎక్కడి నుంచి వచ్చిందో, దాని వెనక ఏముందో చెప్పాలి.

మీ షాపులో మైక్రోమీటర్ 20.00 చూపిస్తోంది. అది నిజంగా 20 ఎంఎం అని చెప్పాల్సింది మా స్లిప్ గేజ్‌లు, అంటే కచ్చితమైన కొలతకు చేసిన దిమ్మెలు. మా స్లిప్ గేజ్‌లు సరైనవని చెప్పాల్సింది మాకంటే పై స్థాయి ల్యాబ్. బెంగళూరులో అలాంటి చోటంటే తుమకూరు రోడ్డు మీద 1962లో పెట్టిన తయారీ రంగ పరిశోధనా సంస్థ సీఎంటీఐ గుర్తొస్తుంది. దానికీ పైన ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ ఉంది. దేశానికి మీటరు ఎంతో, కిలోగ్రాము ఎంతో నిలబెట్టి ఉంచేది ఆ సంస్థే. ఆ మీటరుకు ఆధారం కాంతి. 1983 నుంచి మీటరంటే శూన్యంలో కాంతి సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో వెళ్లే దూరం. పీణ్యాలో ఒక సీఎన్‌సీ మెషీన్ మీద తయారైన బోరు (రంధ్రం) కొలత ఎక్కడా తెగకుండా అక్కడిదాకా వెళ్లాలి. ట్రేసబిలిటీ అని మేం సర్టిఫికెట్‌లో రాసేది దీన్నే.

అయితే ఆ గొలుసు తనకుందని ఏ ల్యాబైనా రాసుకోవచ్చు. ఆ మాట నిజమో కాదో చూడటానికి మా లాభనష్టాలతో సంబంధం లేనివాళ్లు రావాలి. అక్రెడిటేషన్ అంటే అదే. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి నమ్మదగిన మందుగుండు అందించలేక ఇబ్బంది పడ్డ ఆస్ట్రేలియా, 1947లో టెస్టింగ్ ల్యాబులను పరీక్షించే జాతీయ సంస్థను పెట్టింది. ప్రపంచంలో అలాంటిది అదే మొదటిది. మన దేశంలో ల్యాబులకు అక్రెడిటేషన్ ఇచ్చే ఎన్ఏబీఎల్ 1988లో సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ కింద మొదలైంది. 1997లో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వచ్చింది. ఇప్పుడు ఎన్ఏబీఎల్ ఆ కౌన్సిల్‌లో ఒక బోర్డు. కంపెనీల నాణ్యతా పద్ధతులకు ఐఎస్ఓ 9001 లాంటి సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలను పరీక్షించే ఎన్ఏబీసీబీ కూడా అందులోనే ఉంది. ల్యాబులను చూసే బోర్డు ఒకటి, సర్టిఫికేషన్ సంస్థలను చూసే బోర్డు ఇంకొకటి. ఈ తేడా తెలియక మా దగ్గరికి వచ్చి "ఐఎస్ఓ సర్టిఫికెట్ కూడా మీరే ఇస్తారా" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మేం ఇవ్వం, ఇవ్వకూడదు.

మమ్మల్ని చూసే ఎన్ఏబీఎల్‌ను మరి ఎవరు చూస్తారు? వేరే దేశాల అక్రెడిటేషన్ సంస్థల మనుషులు వచ్చి చూస్తారు. వాళ్ల కొలబద్ద ఐఎస్ఓ/ఐఈసీ 17011 అనే అంతర్జాతీయ స్టాండర్డ్. అక్రెడిటేషన్ ఇచ్చే సంస్థ తాను టెస్టింగ్ చేయకూడదు, క్యాలిబ్రేషన్ చేయకూడదు, కన్సల్టెన్సీ అమ్మకూడదు అని అందులో ఉంది. ఈ మొత్తం ఏర్పాటులో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఈ ఒక్క నియమం. ఇలా ఒకరినొకరు పరీక్షించుకున్న సంస్థలు 2000లో ఐలాక్ అనే అంతర్జాతీయ సంఘం కింద పరస్పర గుర్తింపు ఒప్పందం చేసుకున్నాయి. ఎన్ఏబీఎల్‌కు ఆ పరస్పర గుర్తింపు ఉంది కాబట్టే పీణ్యాలో ఇచ్చిన రిపోర్టును జర్మనీ కొనుగోలుదారు మళ్లీ అక్కడ చేయించకుండా ఒప్పుకుంటాడు. పెనుకొండ వైపు కార్ల విడిభాగాలు పంపే మీలాంటివాళ్లను ఐఏటీఎఫ్ 16949 (కార్ల పరిశ్రమ నాణ్యతా స్టాండర్డ్) ఆడిటర్ మొదట అడిగేది కూడా ఇదే. బయటి ల్యాబ్ అయితే ల్యాబుల స్టాండర్డ్ ఐఎస్ఓ/ఐఈసీ 17025 ప్రకారం అక్రెడిటేషన్ ఉందా, రిపోర్టు మీద ఆ ముద్ర ఉందా అని చూస్తాడు.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్నది. ముద్ర ఒక్కటే చూసి ఆగిపోకండి. స్కోప్ అడగండి.

అక్రెడిటేషన్ ల్యాబుకు గంపగుత్తగా రాదు. ఏ ఇన్‌స్ట్రుమెంటు, ఏ రేంజిలో, ఏ పద్ధతిలో, ఎంత అన్‌సర్టెన్టీతో (కొలత అటూ ఇటూ ఎంత తేడాగా ఉండొచ్చో ఆ మేర) చేయగలమో వరుసగా రాసిన జాబితాకు వస్తుంది. ఆ జాబితాయే స్కోప్. అందులో 0–25 మైక్రోమీటర్ ఉండి 300–400 లేకపోతే, 400 మైక్రోమీటర్ రిపోర్టు మీద ముద్ర వేసే హక్కు ఆ ల్యాబుకు లేదు. ప్రతి రేంజి పక్కన ఒక అంకె ఉంటుంది, సీఎంసీ అంటారు. ఆ ల్యాబ్ తన చోట చేయగలిగిన అత్యుత్తమ కొలతకు ఉండే అన్‌సర్టెన్టీ అది. ఒక సర్టిఫికెట్‌లో అంతకంటే తక్కువ అన్‌సర్టెన్టీ కనిపిస్తే ఆ కాగితాన్ని అనుమానించండి. ప్రతి ల్యాబ్ స్కోపూ ఎన్ఏబీఎల్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. రిపోర్టు పైన యూఎల్ఆర్ అనే పొడుగాటి నంబరు ఉందో లేదో కూడా చూడండి. ల్యాబ్ సర్టిఫికెట్ నంబరు, సంవత్సరం అందులోనే ఉంటాయి.

టార్క్ రెంచ్‌లు, ప్రెషర్ గేజ్‌లు మానేయడానికి కారణం ఇదే. మా స్కోప్ డైమెన్షనల్, అంటే పొడవు, మందం లాంటి సైజులు కొలిచే పరికరాల వరకే. ఇప్పటిదాకా మీ సౌకర్యం కోసం వాటిని తీసుకుని, స్కోప్ ఉన్న ల్యాబుకు పంపించి, వాళ్ల రిపోర్టే మీకు ఇచ్చేవాళ్లం. మధ్యలో మేం ఉండటం వల్ల మీకు ఖర్చు, ఆలస్యం తప్ప ఏమీ ఒరగడం లేదు. స్కోప్ ఉన్న ల్యాబుల పేర్లు అడిగితే చెబుతాం, నేరుగా పంపుకోండి.

రాత్రంతా ఎందుకు ఉంచాలి అంటారా? మీటరు పొడవు స్టీలు ఒక్క డిగ్రీ వేడెక్కితే 11.5 మైక్రాన్లు (ఎంఎంలో వెయ్యో వంతు ఒక మైక్రాన్) పెరుగుతుంది. 25 ఎంఎం స్లిప్ గేజ్ చల్లగా ఉండి, దాన్ని పట్టుకున్న మైక్రోమీటర్ 10 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే దాదాపు 3 మైక్రాన్ల తేడా అక్కడే వచ్చేస్తుంది. ఆ మైక్రోమీటర్‌కు మామూలుగా అనుమతించే తప్పే 4 మైక్రాన్లు. ఏప్రిల్ మధ్యాహ్నం రేకుల షెడ్డు నుంచి బైకు డిక్కీలో వచ్చిన మైక్రోమీటర్‌ను వెంటనే కొలిస్తే మేం కొలిచేది ఎండనే. అందుకే 20 డిగ్రీల గదిలో, గ్రానైట్ ప్లేటు మీద, స్లిప్‌ల పక్కనే ఉంచుతాం. రెండూ ఒకే వేడికి వచ్చాకే పని మొదలవుతుంది. ఆ గది రాత్రీ పగలూ అదే వేడిలో ఉండాలి. కరెంటు పోయినా ఏసీ ఆగకూడదు. బిల్లులో పెద్ద భాగం అక్కడికే పోతుంది.

ఈ మధ్య వచ్చిన ఒక మైక్రోమీటర్ గురించి చెప్పాలి. జీరో సరిగ్గా వచ్చింది. స్లిప్‌లతో చూస్తే ప్రతి పాయింటూ లిమిట్‌లోనే ఉంది. అక్కడితో ఆపి ఉంటే మంచి రిపోర్టే వచ్చేది. మా ల్యాబులో పనిచేసే అమ్మాయి ఆన్విల్ (మైక్రోమీటర్‌లో కదలని కొలత ముఖం) మీద ఆప్టికల్ ఫ్లాట్ అనే బల్లపరుపు గాజు బిళ్ల పెట్టి దీపం కింద తిప్పింది. తిన్నగా రావాల్సిన రంగుల చారలు నడుమ గుండ్రంగా వంగి, ఒకదాని లోపల ఒకటి వలయాలుగా కనిపించాయి. ఏళ్ల తరబడి ఒకే సన్నటి పిన్నును అక్కడే కొలిచి కొలిచి ఆన్విల్ నడుమ గుంట పడింది. స్లిప్ గేజ్ బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి గుంట అంచుల మీద ఆనుకుని సరిగ్గానే చదివింది. పిన్ను మాత్రం గుంటలోకి దిగి తక్కువ చూపిస్తుంది. అంటే ఆ షాపులో ఎక్కువ సైజు పిన్నులు కూడా పాస్ అయిపోతున్నాయి. కస్టమర్‌కు ఫోన్ చేస్తే, రెండు నెలలుగా అసెంబ్లీలో పిన్నులు బిగుసుకుంటున్నాయని వచ్చిన కంప్లయింట్ కారణం అప్పుడు దొరికిందన్నాడు. ఫోటో పంపితే సర్టిఫికెట్ పంపేవాళ్లు ఈ గుంటను ఎలా చూస్తారు?

రేటులో ఇంకో భాగం ప్రొఫిషియెన్సీ టెస్టింగ్ (పీటీ)ది, అంటే ల్యాబులకు పెట్టే పరీక్షది. ఒకే గేజ్ చాలా ల్యాబుల చుట్టూ తిరుగుతుంది. దాని అసలు విలువ మాకు చెప్పరు. మా కొలత, మా అన్‌సర్టెన్టీ రాసి పంపాలి. వాళ్ల విలువతో పోల్చి ఈఎన్ నంబరు ఇస్తారు. అది 1 దాటితే మేం చెప్పుకున్న అన్‌సర్టెన్టీ నిలబడనట్టే, కారణం వెతికి సరిదిద్దాలి. దానికి ఫీజు ఉంటుంది, ఆ రోజు మీ పని ఆగుతుంది. అయినా ల్యాబ్ నిజంగా ఎక్కడుందో తేల్చేది అదేనని నేను నమ్ముతాను. ఏ ల్యాబుకైనా పని ఇచ్చేముందు "పోయిన పీటీలో మీ ఈఎన్ ఎంత" అని అడగండి. నన్నూ అడగండి, కాగితం చూపిస్తాను.

సర్టిఫికెట్‌లో రెండు విషయాలు మీకు కొత్తగా అనిపిస్తున్నాయని విన్నాను. ఒకటి డ్యూ డేట్. 17025 ప్రకారం మళ్లీ ఎప్పుడు చేయించాలో మేం సొంతంగా రాయకూడదు, మీరు కోరితేనే రాస్తాం. రోజుకు మూడు షిఫ్టులు వాడే వెర్నియర్‌కూ, బీరువాలో పెట్టిన మాస్టర్ గేజ్‌కూ ఒకే ఏడాది గడువు ఎలా సరిపోతుంది? అది మీ వాడకాన్ని బట్టి మీరు తేల్చుకోవాల్సింది. రెండోది "ఓకే" ముద్ర. డ్రాయింగ్‌లో 20 హెచ్7 అని రాసిన 20 ఎంఎం బోరు తీసుకోండి. 20.000 నుంచి 20.021 దాకా ఒప్పుకుంటారు. మీ కొలత 20.019 వచ్చింది, అన్‌సర్టెన్టీ 3 మైక్రాన్లు అనుకుందాం. అసలు సైజు 20.022 కూడా అయి ఉండొచ్చు. పాస్ అనాలా, ఫెయిల్ అనాలా? ఆ రిస్క్ ఎవరు మోయాలో ముందే మాట్లాడుకోవాలి. దాన్ని డిసిషన్ రూల్ అంటారు. ఇకమీద మా ఫారంలో దానికి ఒక గడి ఉంటుంది. ఖాళీగా వదలకండి. తెలియకపోతే ఫోన్ చేయండి, మీ డ్రాయింగ్ ముందు పెట్టుకుని మాట్లాడదాం.

పాత తేదీ వేసివ్వమని అడిగేవాళ్లకు కూడా ఒక మాట. "అక్కా, ఆడిట్ రేపే, ఒక్క నెల వెనక్కి వేసివ్వక్కా, ఎవరికి తెలుస్తుంది" అని అడుగుతారు. మీ కంగారు నాకు అర్థమవుతుంది, ఆర్డరు పోతే ఎంతమంది జీతాలు ఆగుతాయో నాకూ తెలుసు. కానీ ఇవ్వను. అలాంటప్పుడు ఆడిటర్‌తో ఉన్నదున్నట్టు చెప్పి, ఇన్‌స్ట్రుమెంట్ ల్యాబులో ఉన్నట్టు మా రసీదు చూపించండి. ఆడిటర్ ఎన్‌సీ (లోపం ఉందని) రాస్తే సరిచేసుకోవచ్చు. దొంగ తేదీ దొరికితే మీ మీదున్న నమ్మకమే పోతుంది.

ఐఎస్ఓ 9001 ఇప్పిస్తామని షెడ్ల చుట్టూ తిరిగే ఏజెంట్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీలో కొందరు వాళ్లకు డబ్బు కట్టి తర్వాత నా దగ్గర బాధపడ్డారు. ఐఎస్ఓ సంస్థ ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు, స్టాండర్డ్ రాస్తుందంతే. సర్టిఫికెట్ ఇచ్చేది సర్టిఫికేషన్ సంస్థ. దానికి ఎన్ఏబీసీబీ దగ్గరో, అంతర్జాతీయ పరస్పర గుర్తింపు ఒప్పందంలో ఉన్న మరో దేశపు బోర్డు దగ్గరో అక్రెడిటేషన్ ఉండాలి. సిస్టమ్ తయారుచేసి ఇచ్చే కన్సల్టెంట్, దాన్ని ఆడిట్ చేసే సంస్థ ఒకటే కాకూడదు. అక్రెడిటేషన్ బోర్డుల అంతర్జాతీయ సంఘం ఐఏఎఫ్ ఇచ్చిన పట్టిక ప్రకారం 16 నుంచి 25 మంది పనిచేసే షాపుకు మొదటి సర్టిఫికేషన్‌కు లెక్క మొదలయ్యేదే 3 ఆడిట్ రోజులతో. కారణం చూపించి కొంత తగ్గించవచ్చు గానీ, సున్నా చేయడానికి లేదు. మనిషి గడప తొక్కకుండా మూడు రోజుల్లో మెయిల్‌లో పీడీఎఫ్ వస్తే, అది గోడకు తగిలించుకోవడానికి తప్ప టెండర్‌లో నిలబడదు. ఐఏఎఫ్ సర్ట్‌సెర్చ్ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొట్టి చూస్తే సర్టిఫికెట్ అసలుదో కాదో చాలావరకు తేలిపోతుంది. మీ సప్లయర్ల సర్టిఫికెట్లనూ ఒకసారి చూసుకోండి.

ఈ ఏర్పాటులో లోపం లేదని నేను అనను. పది మంది పనిచేసే ల్యాబుకూ, వెయ్యి మంది ఉన్న సంస్థకూ అదే స్టాండర్డ్, కాగితం పని బరువు మా మీద ఎక్కువ పడుతుంది. ముద్రను దుర్వినియోగం చేసేవాళ్లను పట్టుకోవడం ఇంకా వేగంగా జరగాలి. ఆ ఫిర్యాదు చేయగలిగింది తప్పుడు రిపోర్టు చేతికి వచ్చిన మీలాంటివాళ్లే. ఎన్ఏబీఎల్‌కు ఫిర్యాదులు తీసుకునే పద్ధతి ఉంది, రాతపూర్వకంగా పంపితే తీసుకుంటారు. ఎలా రాయాలో తెలియకపోతే సాయం చేస్తాను.

పాత ఆర్డర్లకు, ఈ నెలాఖరులోపు మా దగ్గరికి చేరిన వస్తువులకు పాత రేటే. ఇరవై దాటి ఒకేసారి పంపే షాపులకు రేటు విడిగా మాట్లాడదాం. కొత్త రేట్ల పట్టిక, మా స్కోప్ కాపీ మీ వాట్సాప్‌కు పంపిస్తున్నాం. శనివారం మధ్యాహ్నం ఒంటిగంట లోపు ఇచ్చినవి సోమవారం సాయంత్రానికి సిద్ధంగా ఉంటాయి. తెచ్చేటప్పుడు దుమ్ము తుడిచి, నూనె రాసి, పెట్టెలో పెట్టి తీసుకురండి.