భజనలో చేరగానే హార్మోనియం కొనకండి

సంపాదకులకు,

ధనుర్మాసం రాగానే కాలనీ రామాలయాల భజనల్లో కొత్త ముఖాలు కనిపిస్తాయి. ఫీజు లేదు, గొంతు బాగుండాలన్న నిబంధనా లేదు. చాప మీద కూర్చుని అందుకుంటే చాలు. నాలుగు వారాలయ్యేసరికి ఏదో ఒకటి వాయించాలన్న సరదా పుడుతుంది. చాలామంది నేరుగా హార్మోనియం కొనేస్తారు, సంక్రాంతి దాటాక అది అటకెక్కుతుంది.

ముందు పట్టాల్సింది తాళాలు. ఇవి తేలికన్న మాట ఒట్టి అపోహ. రెండు బిళ్లలనూ చప్పట్లలా కొడితే మధ్యలో గాలి చిక్కి ‘టప్’మని మూగబోతాయి. తాడు వేలికి వదులుగా చుట్టుకుని, పై బిళ్ల అంచును కింది అంచుకు కాస్త పక్కగా తాకించి, తాకగానే విడవాలి. కొత్తవాళ్లు చేసే అసలు పొరపాటు వేరే: పాట జోరందుకోగానే కాలం, అంటే పాట నడక వేగం, పరుగెత్తిస్తారు. తాళాన్ని బట్టి డోలక్, డోలక్‌ని బట్టి గొంతు పరుగెత్తి, చివరి చరణానికి పాడేవాళ్లకు ఊపిరందదు. మూడు నెలలు కాలం నిలిపితే తర్వాత ఏ వాద్యమైనా సగం వచ్చినట్టే.

ఆ తర్వాత మండలిలో ఏది లేదో చూసుకోవాలి. డోలక్‌లు రెండున్నచోట మూడోది గోలే. అలాంటిచోట చేత్తో వాయించే చిన్న తోలు వాద్యం కంజీర మేలు. పూర్వం దానికి ఉడుము తోలు వేసేవారు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అది నేరం, మేకతోలుదే అడగాలి. వాయించే ముందు తోలు లోపలివైపు తడి వేలితో రాస్తే శ్రుతి దిగుతుంది. నీళ్లెక్కువైతే శబ్దం చచ్చిపోతుంది, ఆరేదాకా ఆగడమే.

అన్నీ చూశాక కూడా హార్మోనియమే కావాలంటే కొట్లోనే పరీక్షించాలి. స్టాపర్లన్నీ, అంటే గాలిని వదిలే గుబ్బలన్నీ, మూసి నాలుగైదు సార్లు తిత్తి కొడితే చేతికి బిగువు తగలాలి. మెత్తగా మూసుకుంటూ పోతే గాలి ఎక్కడో కారుతున్నట్టు. స్టాపర్లు తెరిచి, మెట్లు ముట్టుకోకుండా కొట్టినా కూత వస్తే ఏదో మెట్టు కింద మూత సరిగా కూర్చోలేదు. ఒక్కో మెట్టూ నెమ్మదిగా నొక్కి, ఆలస్యంగా పలికేదీ జీరగా పలికేదీ పట్టుకోవాలి. కింది సా, పై సా కలిపి నొక్కినప్పుడు అలల్లా ఊగితే శ్రుతి కుదరలేదు. మెట్ల వరుసను జరిపి శ్రుతి మార్చుకునే స్కేల్ ఛేంజర్ మొదట్లో వద్దు. బరువెక్కువ, మరమ్మతూ ఎక్కువే. అది లేకపోతే ఒకటిన్నర శ్రుతిలో పాడే మగవాళ్లకూ ఐదు శ్రుతిలో పాడే ఆడవాళ్లకూ వేర్వేరు మెట్ల మీద అదే పాట సాధన చేయక తప్పదు. నేర్చుకునేవాళ్లకు అదీ మంచిదే. స్వరాన్ని ఊపి పలికించే గమకం పలకదన్న అభ్యంతరంతో ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని దూరం పెట్టింది గానీ, భజనకు ఆ పట్టింపు లేదు.

ఆలయ కమిటీలకు ఒక విన్నపం. చాలా గుళ్ల సామాన్ల గదుల్లో పాత హార్మోనియాలు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం చెడిపోయినవి కావు. స్వరం పలికించే ఇత్తడి రేకు, అంటే రీడు, నాలుకకూ గాడికీ మధ్య నలుసు చిక్కినా ఆ స్వరం మూగబోతుంది. పలుచని కాగితం జొనిపి తీస్తే మళ్లీ పలుకుతుంది. బ్లేడుతో మాత్రం గీరకూడదు. కొన దగ్గర గీరితే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీరితే తగ్గుతుంది. తిత్తి తోలు ఎలుకలు కొరికితే అతుకు వేయించుకోవచ్చు. ధనుర్మాసానికి నెల ముందే వాటిని బయటికి తీసి, పనివాడికి చూపించి, నేర్చుకునేవాళ్లకు వారానికొకరి చొప్పున ఇంటికిస్తే బాగుంటుంది. వాడుకలో ఉన్న పెట్టె జోలికి ఎలుకా పురుగూ అంతగా రావు.

— ఒక పాఠకుడు, తెనాలి