రంగు మందగించినా వెలుగు మారకూడదు

సంపాదకులకు నమస్కారం.

రంగు ఘాటు (తీవ్రత) తగ్గాలంటే దాని వ్యతిరేక వర్ణం, అంటే వర్ణచక్రంలో దానికి ఎదురుగా ఉండే రంగు, కలిపితే చాలని చిత్రలేఖన వ్యాసాల్లో తరచూ రాస్తుంటారు. అది సగం నిజమే. పసుపుకు వ్యతిరేక వర్ణమైన ఊదా సహజంగా ముదురు రంగు కాబట్టి, దాన్ని పసుపులో కలిపినప్పుడు ఘాటుతో పాటు వెలుగు కూడా పడిపోయి, బొమ్మలో ఎండ పడవలసిన చోట నీడ కమ్మినట్లు కనిపిస్తుంది. అమెరికన్ చిత్రకారుడు ఆల్బర్ట్ మన్సెల్ 20వ శతాబ్దం ఆరంభంలోనే వర్ణాన్ని, వెలుగును, ఘాటును విడదీసి, వెలుగును నలుపుకు 0, తెలుపుకు 10గా కొలిచాడు. ఆ లెక్కన 8వ స్థాయి పసుపును మందగింపజేయాలంటే, బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు), అల్ట్రామెరీన్ బ్లూ (ముదురు నీలం), తెలుపు కలిపి ముందుగా అదే 8వ స్థాయి బూడిద రంగును సిద్ధం చేసుకొని, దాన్ని కొద్దికొద్దిగా చేర్చాలి. మిశ్రమం ఆకుపచ్చ వైపు తిరిగితే (నలుపు ట్యూబు వాడేవారికి ఇది బాగా అనుభవమే) చిటికెడు నారింజ సరిదిద్దుతుంది. వెలుగు స్థాయులు దగ్గరగా ఉన్న ఎరుపు, ఆకుపచ్చల జతకు ఇంత శ్రమ అక్కరలేదు.

అసలు రంగు పక్కనే మందగింపజేసిన రంగును పూసి కళ్లు సగం మూసి చూస్తే, స్థాయులు కుదిరినప్పుడు రెండింటి మధ్య అంచు దాదాపు మాయమవుతుంది. అక్రిలిక్ రంగు ఆరాక కాస్త ముదురుతుంది కనుక ఈ పరీక్ష ఆరిన తరువాతే చేయాలి.

ఇట్లు,
ఒక చిత్రలేఖన ఉపాధ్యాయుడు