ఇంజిన్ మౌంట్ల విషయంలో మా పద్ధతి మార్చుకుంటున్నాం

ఇంజిన్‌ను కారు బాడీకి పట్టి ఉంచే దిమ్మలే ఇంజిన్ మౌంట్లు. ఇకపై మా గ్యారేజీకి ఎవరు వచ్చి పాలియురేథేన్ (పాలీ అంటాం, రబ్బరు కంటే గట్టిగా ఉండే ప్లాస్టిక్ పదార్థం) మౌంట్లు కావాలన్నా వెంటనే బిగించము. ముందు మీ కారులో ఉన్న పాత రబ్బరు మౌంట్లు చూస్తాము. అవి పాడై ఉంటే కొత్త రబ్బరు మౌంట్లే వేసి, కొన్నాళ్లు నడిపి చూడమంటాము. ఆ తర్వాత కూడా పాలీయే కావాలనిపిస్తే తప్పకుండా వేస్తాము. రోజూ రోడ్డు మీద తిరిగే కారుకు మాత్రం సాలిడ్ మౌంట్లు, అంటే రబ్బరు లేకుండా అచ్చంగా లోహంతో చేసినవి, వేయము. ఇన్నాళ్లూ పాలీ వేయించుకోమని మీలో చాలామందికి చెప్పింది నేనే కాబట్టి, ఇప్పుడు ఎందుకు మాట మారుస్తున్నానో కూడా నేనే చెప్పాలి.

కొన్ని నెలల కిందట ఒక కస్టమర్ నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు తెచ్చారు. క్లచ్ వదిలినప్పుడల్లా ముందు నుంచి టక్కుమని చప్పుడు, గేరు లివర్ ముందుకూ వెనక్కూ కదలడం, ఇవీ ఆయన ఇబ్బందులు. మౌంట్లన్నీ తీసేసి పాలీ వేశాం. చప్పుడు పోయింది, లివర్ నిలకడగా నిలబడింది, ఆయన సంతోషంగా వెళ్లారు. మూడు వారాలకు మళ్లీ వచ్చి, ‘మీరొకసారి పక్కన కూర్చోండి’ అన్నారు. కూర్చున్నాను. కారు కదులుతున్నంతసేపూ బాగానే ఉంది. సిగ్నల్ దగ్గర ఆగగానే తలుపు లోపలి ప్లాస్టిక్ పలక గరగరలాడడం మొదలుపెట్టింది. ఏసీ వేస్తే వెనుక వాహనం నంబరు చదవలేనంతగా లోపలి అద్దం అదిరింది. ‘నడుము నొప్పి వస్తోందని మా అమ్మ ఈ కారు ఎక్కడం మానేసింది’ అన్నారాయన. ఆ మాట విన్నాక నాకు మరో మాట రాలేదు.

మర్నాడే పాలీ విప్పాం. వాటిలో ఏ లోపమూ లేదు. తర్వాత పాత సామాను డబ్బాలోంచి ఆయన పాత రబ్బరు మౌంట్లు వెతికి తీసి బల్ల మీద పెట్టాను. ఒకదాంట్లో రబ్బరు నడిమి లోహపు గొట్టం నుంచి పూర్తిగా ఊడిపోయి, వేలు పట్టేంత సందు ఏర్పడింది. ఇంజిన్ కదిలినప్పుడల్లా ఆ గొట్టం సందులో ఇటూ అటూ కొట్టుకుంటూ వచ్చింది. ఆయన విన్న టక్కు అదే. ఈ పరిశీలన నేను మొదటి రోజే చేసి ఉండవలసింది. కొత్త రబ్బరు మౌంట్లు వేశాక చప్పుడూ లేదు, అదురూ లేదు. రెండోసారి చేసిన పనికి ఆయన దగ్గర కూలీ తీసుకోలేదు.

పాలీ వేశాక కారు బిగుతుగా, చురుగ్గా మారిందని చెప్పేవారిలో చాలామంది దాన్ని పోల్చేది చచ్చిపోయిన రబ్బరుతో. ఏళ్ల తరబడి వేడికి ఎండి పగిలిన రబ్బరు పక్కన ఏది పెట్టినా గొప్పగానే కనిపిస్తుంది. పాలీని కొత్త రబ్బరుతో పోల్చి చూడాలి. ఆ అవకాశం మీకు నేను ఇవ్వలేదు.

మౌంటుకు మూడు పనులున్నాయి. ఇంజిన్ బరువు మోయాలి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ మెలితిరగకుండా ఆపాలి, ఇంజిన్ అదురు బాడీలోకి రాకుండా చూడాలి. మొదటి రెండూ గట్టిదనాన్ని కోరతాయి, మూడోది మెత్తదనాన్ని కోరుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక్కో చుట్టుకు రెండుసార్లు మండుతుంది. నిమిషానికి 750 చుట్లతో ఐడ్లింగ్‌లో (కారు ఆగి, ఇంజిన్ మాత్రం నడుస్తూ) ఉంటే సెకనుకు 25 తోపులు. మౌంట్ల మీద ఇంజిన్ సహజంగా ఊగే వేగం ఇంతకంటే బాగా తక్కువగా ఉంటేనే ఆ అదురు బాడీకి చేరకుండా ఆగుతుంది. ఇంజినీర్ల లెక్కలో తోపుల వేగం ఆ సహజ వేగానికి 1.41 రెట్లు దాటిన తర్వాతే మౌంటు అదురును తగ్గించడం మొదలవుతుంది. మౌంటు గట్టిపడేకొద్దీ ఆ సహజ వేగం పెరిగి 25కు దగ్గరవుతుంది. అందుకే పాలీ వేసిన కారు పరుగులో హాయిగా ఉండి, ఆగినప్పుడు వణుకుతుంది. మూడు సిలిండర్ల ఇంజిన్ చుట్టుకు ఒకటిన్నర సార్లే మండుతుంది, అంటే అదే ఐడ్లింగ్‌లో సెకనుకు దాదాపు 19 తోపులే. పైగా దానికి ముందువెనుకలుగా ఊగే గుణం కూడా ఉంది. అలాంటి కారు ఉన్నవారికి పాలీ వద్దని ఇప్పుడే చెబుతున్నాను.

రబ్బరుకు మొదటి శత్రువు నూనె. పైనుంచి ఇంజిన్ ఆయిల్ కారుతుంటే మౌంటు రబ్బరు ఉబ్బి, మెత్తబడి ఊడిపోతుంది. కారే చోటు మూయకుండా ఎన్ని కొత్త మౌంట్లు వేసినా అదే గతి. కొన్ని కార్లలో రబ్బరు లోపల ద్రవం నింపిన హైడ్రాలిక్ మౌంట్లు ఉంటాయి. అవి పగిలితే పక్కన తడి మరక కనిపిస్తుంది. వాటి స్థానంలో పాలీ వేస్తే తేడా మరీ ఎక్కువగా తెలుస్తుంది.

అయితే పాలీ చెడ్డదని నేను అనడం లేదు. ఇంజిన్ శక్తి బాగా పెంచుకున్నవారికి, ట్రాక్ మీద నడిపేవారికి, గట్టిగా తొక్కితే ముందు చక్రాలు ఎగిరెగిరి పడుతున్నవారికి అది నిజంగా పనికొస్తుంది. కొనేముందు షోర్ ఎ సంఖ్య, అంటే పదార్థం ఎంత గట్టిదో చెప్పే కొలత, అడగండి. మౌంట్లలో వాడే రబ్బరు ఎక్కువగా 40 నుంచి 60 మధ్య ఉంటుంది, పాలీ 65 నుంచి 95 దాకా దొరుకుతుంది. అయితే ఆ సంఖ్య ఒక్కటే చూస్తే చాలదు. కంపెనీ రబ్బరు మౌంటులో కావాలనే ఖాళీలు వదులుతారు, పాలీ మౌంట్లు చాలావరకు నిండుగా ఉంటాయి కాబట్టి సంఖ్య చెప్పేదానికంటే గట్టిగా అనిపిస్తాయి. ఇంజిన్ అడ్డంగా అమర్చిన కార్లకు నేను ఇప్పుడు చెప్పే మధ్యే మార్గం ఒకటుంది. బరువు మోసే మౌంట్లు రబ్బరువే ఉంచి, మెలికను ఆపే కింది కడ్డీ (టార్క్ రాడ్) లోని బుష్‌ను మాత్రం పాలీతో మార్చడం. ఊగడం చాలావరకు తగ్గుతుంది, అదురు కొంతే పెరుగుతుంది. ఇది ఒక గంట పని, నచ్చకపోతే తీసేయడమూ తేలికే.

సాలిడ్ మౌంట్ల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. అల్యూమినియం లేదా ఉక్కు ముక్కతో ఇంజిన్‌ను నేరుగా బాడీకి బిగిస్తే ప్రతి అదురూ బోల్టులకూ బ్రాకెట్లకూ చేరుతుంది. బోల్టులు వదులవుతాయి, బ్రాకెట్లు పగులుతాయి. ఇంజిన్‌లో ఇంధనం తప్పుగా మండే చప్పుడును పట్టే నాక్ సెన్సర్ ఆ అదురుకు పొరబడి, స్పార్క్ ఇచ్చే టైమింగ్‌ను తగ్గించే ప్రమాదమూ ఉంది. పోటీల కోసమే ఉన్న కారుకు, ప్రతిసారీ పరుగు తర్వాత బోల్టులు చూసుకునేవారికి అయితే వేస్తాం. ఒకటి సాలిడ్, మిగతావి రబ్బరు పెట్టమని అడిగితే మాత్రం ఒప్పుకోము. గట్టిగా ఉన్నదాని మీదకే భారమంతా పోయి అక్కడే విరుగుతుంది.

మా పనిలోనూ ఒక మార్పు చేశాం. ఇంతకుముందు ఒక్కో మౌంటు పెట్టగానే పూర్తిగా బిగించేవాళ్లం. దానివల్ల రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోయి త్వరగా చిరిగేది. ఇప్పుడు అన్ని బోల్టులూ చేత్తో తిప్పి వదిలి, జాక్ తీసి, ఇంజిన్‌ను తన బరువుతో తాను సర్దుకోనిచ్చి, అప్పుడు టార్క్ రెంచితో (ఎంత బిగువో కొలిచి బిగించే పానాతో) బిగిస్తున్నాం. అరగంట ఎక్కువ పడుతుంది, ఆ అరగంట మా ఖాతాలోదే.

మా దగ్గర పాలీ వేయించుకుని అదురుతో ఇబ్బంది పడుతున్నవారు దయచేసి మొహమాటపడకండి. తిరిగి రబ్బరుకు మార్చడానికి కూలీ తీసుకోము, విడిభాగాల ఖర్చు మాత్రం మీది. పాలీతో హాయిగా ఉన్నవారు దాన్ని అలాగే ఉంచుకోండి, బోల్టుల బిగువు చూపించుకోవడానికి ఒకసారి వస్తే చాలు. కారును ముందు రోజు సాయంత్రమే వదిలి వెళ్లండి. తెల్లవారేసరికి ఇంజిన్ పూర్తిగా చల్లబడితే పొద్దున్నే పని మొదలుపెట్టగలం.